పెద్దమ్మ దుమ్ము

మా మరిదికి, అంటే మా చెల్లెలి మొగుడికి, తెలియని విషయమంటూ లేదు. తెలియదని ఒప్పుకునే అలవాటే లేదు, అది వేరే సంగతి. వాళ్ళ ఇంటికంతటికీ కలిపి ఒకటే ఏసీ. ఎండాకాలం చల్లగాలి, చలికాలం వెచ్చటి గాలి పైకప్పు గొట్టాల్లోంచి గదిగదికీ వస్తాయి. దాని లోపల బూజు పట్టిందనీ, పిల్ల దగ్గుకి అదే కారణమనీ కనిపెట్టింది అతనే. యూవీ లైటు ఒకటి తెప్పించి, "ఈ వెలుగు పడితే బూజు బతకదు, క్రిమీ బతకదు వదినా" అంటూ, మెకానిక్‌ని కూడా పిలవకుండా తనే బిగించేశాడు.

ఆ దగ్గే పిల్ల మా చెల్లెలి కూతురు. నాలుగేళ్ళది. నేను పిచ్చుక అని పిలుస్తాను. నేను పెళ్ళి చేసుకోలేదు, వాళ్ళతోనే ఉంటూ వెనక గదిలో మిషను వేసుకుని బట్టలు కుడతాను. అది నా ఒళ్ళో కూర్చుని గుండీలు ఏరి ఇచ్చేది. దాని బరువు ఒళ్ళో లేకపోతే నాకు పని సాగేది కాదు.

లైటు పెట్టాక ఇంట్లో ముక్కిపోయిన వాసన పోయిన మాట నిజమే. దగ్గు మాత్రం పోలేదు. చలి మొదలై ఏసీ ఆగకుండా తిరుగుతుంటే ఇంకా ముదిరింది. మూతకున్న చిన్న అద్దంలోంచి నీలంగా వెలుగు కనిపిస్తూనే ఉంది, మరిది రోజూ చూసుకుని మురిసిపోతూనే ఉన్నాడు. గాలి శుభ్రం, పరుపులు శుభ్రం. ఇక మిగిలిందెవరు? నేను.

"ఏమీ అనుకోకు వదినా. నీ గుడ్డల నూగు..." అన్నాడు నసుగుతూ.

ఒళ్ళు మండింది. "దానికి బొడ్డూడక ముందు నుంచీ కుడుతున్నానయ్యా! అప్పుడు లేని నూగు ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది?"

చెల్లెలు నా వైపు మాట్లాడుతుందనుకున్నాను. అది గోడకేసి చూస్తూ, "కొన్నాళ్ళే కదక్కా" అంది.

రెండు వీధుల అవతల గది తీసుకుని మిషను అక్కడికి చేర్చాను. పిల్లని చూద్దామని వెళితే గుమ్మంలోనే నిలబెట్టేవారు. "పెద్దమ్మ దగ్గరికి వెళ్ళకు, దుమ్ము" అని మందలించేవారు. నా వైపు రాబోయి ఆగిపోయేది పిచ్చి తల్లి. మొదట్లో ఏడ్చేది, పోనుపోను ఏడవడం మానేసింది. నేను గదికొచ్చి ఏడ్చేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గేముంది?

చలికాలం చివర్లో ఏసీ గరగరమంటుంటే మెకానిక్‌ని పిలిచారు. ఆ సంగతి చెల్లెలు ఫోనులో వెక్కుతూ చెప్పింది. యూవీ లైటు బూజు పట్టే లోపలి రేకుల మీద పడేలా పెట్టాలట. మా మహానుభావుడు సరిగ్గా ప్లాస్టిక్ ఫిల్టరుకి ఎదురుగా బిగించాడు. ఆ వెలుగుకి ఫిల్టరు పెళుసెక్కి, ముట్టుకుంటే పొడి రాలుతోందట. ఇన్నాళ్ళూ గాలితో పాటు పిల్ల గదిలోకి వచ్చి పడింది ఆ పొడే. లైటు పీకేశారు, ఫిల్టరు మార్చారు, గొట్టాలన్నీ శుభ్రం చేయించారు. దగ్గు తగ్గుముఖం పట్టింది.

"వచ్చెయ్యక్కా" అంది.

తిట్టాల్సినవన్నీ దారి పొడుగునా కూర్చుకుంటూ వెళ్ళాను. మరిది తలొంచుకుని "తప్పయిపోయింది వదినా" అనేసరికి అవన్నీ గుమ్మంలోనే వదిలేసి అడుగుపెట్టాను. లోపల పిచ్చుక బొమ్మలు పేర్చుకుంటోంది. నేల మీద చతికిలబడి చేతులు చాపాను. అది లేచి వాళ్ళమ్మ వెనక్కి నక్కింది. గౌను అంచు ఎత్తి ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"అక్కడే ఉండు పెద్దమ్మా. నీ దుమ్ము పడితే నాకు దగ్గొస్తుంది."

"కాదమ్మా, ఆ దుమ్ము ఏసీలోది. పెద్దమ్మది కాదు. వెళ్ళు, వెళ్ళి కూర్చో" అని చెల్లెలు ముందుకి తోసింది.

చెప్పిన మాట వినే పిల్ల. వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. కాస్త బరువెక్కింది కూడా. ఆనందం పట్టలేక దాని జుట్టు సవరిస్తూ మొహంలోకి చూద్దును కదా, బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, మొహం కందగడ్డయిపోతోంది. ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

"ఊపిరి తీసుకోవే తల్లీ" అంటూ కిందికి దింపేశాను. అది గది చివరిదాకా పరిగెత్తి, గోడకి ఆనుకుని, అప్పుడు నోరు తెరిచి గాలి పీల్చుకుంది.