ఇనుము పట్టు వదిలాక

ఈ తెరకేం తెలుసు, ఎర్రపువ్వులు కుట్టించుకుని మూలన వేలాడటం తప్ప, తన వెనక కూర్చోబెట్టిన కొత్త పెళ్లికూతురు తుమార్ వీపులో ఒక కడ్డీ విరిగి ఉందని దానికేం తెలుసు, అవతల ఆడవాళ్లు టీ పోసుకుంటున్నారు, పిల్ల ఎంత నిటారుగా కూర్చుందో చూశావా అంటోంది ఒకావిడ, నిటారేంటే, బిగుసుకుపోయింది, గొప్పింటి పిల్లేమో అంటోంది ఇంకొకావిడ, నవ్వులు, కాసేపట్లో తెర తీస్తారు, పెద్దవాళ్ల ముందు మూడుసార్లు నడుము వంచి మొక్కాలి, ఈ నారిన్ కొండల్లో కోడలు వంగలేదంటే ఇంటినే లెక్కచెయ్యనట్టు, తన నడుము వంగదని పెళ్లికొడుకు కుబాత్‌కి తప్ప ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు, వీపు సంగతి బయటపడితే తిప్పి పంపేస్తారని అమ్మ భయం, తుమార్ భయం వేరు, వంగితే విరిగిన చోట తను రెండు ముక్కలైపోతుందని.

ఆరేళ్లప్పుడు మొదటిసారి కోశారు, వెన్ను మెలితిరిగి ఊపిరితిత్తుల మీదికి ఒరుగుతోందని, వెన్నెముకని అతికించేస్తే పిల్ల ఇక ఎదగదని సాగే కడ్డీలు పెట్టారు, ఆరు నెలలకోసారి మళ్లీ కోసి సాగదీసేవాళ్లు, అలా పదిసార్లు, ప్రతిసారీ మెలకువొచ్చి లేచేసరికి నేల కాస్త కిందికి దిగిపోయి ఉండేది, అద్దంలో తన కళ్లు పాతచోట ఉండేవి కావు, పెరిగింది నేనా, లోపలున్న ఇంకెవరైనానా, అమ్మ గౌను అంచు విప్పుతూ ఈసారి తక్కువే సాగావే అనేది, చివరి మూడుసార్లు కడ్డీ అసలు కదల్లేదట, చాల్లే అని వదిలేశారు, ఇనుము లోపలే ఉండిపోయింది, చలికాలమొస్తే తనకంటే ముందు అది చల్లబడేది, తను నిద్రపోతే అది మేలుకుని ఉన్నట్టుండేది, రెండేళ్ల కిందట ఆడగుర్రం పాలు పితుకుతుంటే వీపులో టక్కుమంది, చుట్టూ ఎవరూ లేరు, గుర్రం మాత్రం చెవులు రిక్కించి తన వెనక్కి చూసింది, మొన్న రాజధాని బిష్కెక్‌లో డాక్టరు ఎక్స్‌రే మీద వేలు పెట్టి, కడ్డీ విరిగింది, పాతదేనమ్మా, రెండేళ్లై ఉంటుంది, భయపడకు, కడ్డీ కింద వెన్నెముక తనంతట తానే అతుక్కుపోయింది అన్నాడు, ఆ మాట చెవికెక్కలేదు, విరిగిందన్నదే ఎక్కింది, మరి ఈ రెండేళ్లూ తనని పట్టుకుని ఉన్నదెవరు.

తెర లాగేశారు, పద చెల్లీ, వంగు, లేకపోతే ముసలావిడ ఏడాదంతా నిన్ను దెప్పుతుంది అంటూ తోటికోడలు మోచెయ్యి పట్టుకుంది, ఎదురుగా కుబాత్ నాయనమ్మ, తుమార్ తుంటి దగ్గర వంగింది, వీపు మొత్తం పలకలా ఒకే ముక్కగా దిగింది, ఎవరో కిసుక్కుమన్నారు, లోపల విరిగిన మొన కదులుతుందని ఊపిరి బిగబట్టి చూసింది, కదల్లేదు, రెండోసారీ కదల్లేదు, మూడోసారి వంగి ఉండగానే నాయనమ్మ చెయ్యి వీపు మీద పడింది, వేళ్లు బట్ట మీంచే కోత మచ్చ వెంట మెల్లగా పాకి సరిగ్గా అక్కడే, డాక్టరు చూపించిన చోటే ఆగాయి, ఇక్కడేదో ఉందే అమ్మాయీ, తుమార్ తలెత్తలేదు, ఇక దాచడం తనవల్ల కాదు, ఇనుము నాయనమ్మా, చిన్నప్పుడు పెట్టారు, విరిగిపోయింది, ముసలావిడ చెయ్యి తియ్యలేదు, విరిగితే మరి నిన్ను నిలబెడుతున్నదెవరే, అని నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది, తుమార్ వెతికింది, చిన్నప్పటి నుంచీ తను భయపడుతూ వచ్చిన ఆ లోపలిదాని కోసం, తనకి చెప్పకుండా పెరిగినదాని కోసం, ఇనుము పట్టు వదిలినా చప్పుడు చెయ్యకుండా మోస్తున్నదాని కోసం, అక్కడ ఇంకెవరూ లేరు, ఎప్పుడూ లేరు, నేనే నాయనమ్మా అంది.