ఊరికి ఫోను

పదకొండు నెలల పాటు నా కొడుకు నరహరి నాతో తెలుగులో మాట్లాడలేదు. అడిగినదానికి హిందీలో రెండు ముక్కలు చెప్పి ఊరుకునేవాడు. వాడు సూరత్ పోలీసులో హెడ్ కానిస్టేబుల్. ముప్పై యేళ్లు కళాశాలలో చరిత్ర బోధించినదాన్ని గనక ఈ మౌనానికి కారణం వెతికాను. వెతకగా అది నా వంటింట్లోనే దొరికింది.

ఠాణాలో తెలుగు వచ్చినవాడు వాడొక్కడే. అందువల్ల ఇక్కడి బట్టల మిల్లుల్లో మన తెలుగువాళ్లెవరు చనిపోయినా ఊరికి ఫోను చేసే పని వాడిమీద పడింది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. అలవాటే ఆజ్ఞ అయింది. మొదటిసారి ఎలా చెప్పాలని వంటింట్లోకి వచ్చి నన్నడిగాడు. చావుకబురు ఫోనులో చెప్పకపోవడం మా వైపు మర్యాద.

"సీరియస్‌గున్నడు, జర జల్ది బయలెల్లుర్రి అను బిడ్డా. లేకుంటే గుండె పలుగుతది" అని నేనే నేర్పాను.

ఆ మాట నమ్మి వాళ్లు రాత్రీ పగలూ రైలులో ఆశతో వచ్చేవారు. శవాగారానికి తీసుకెళ్లేది నరహరే. ఎల్లవ్వ అనే తల్లి కొడుకు కోసం గ్లూకోజు పొట్లాలు, కొత్త లుంగీ తెచ్చింది. శవాన్ని చూసి ఏడవలేదట. నరహరి వైపు తిరిగి, "మనోనివని నమ్మితి గద కొడుకా" అన్నదట. ఆ రోజు నుంచే వాడికి తెలుగు నోటికి రావడం ఆగిపోయింది, నిద్ర కూడా.

ఇదంతా నాకు చెప్పింది కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ హేతల్ వశీ. ఫోను మోగితే వాడు బయటికి వెళ్లిపోవడం ఆమె గమనించింది. మెమో ఇవ్వలేదు, మా ఇంటికి వచ్చింది. ఆ మాట నేర్పింది నేనేనని ఒప్పుకొని, ఇకపై ఆ ఫోన్లు నేను చేస్తానన్నాను. ఆమె వద్దన్నది. బరువు కొడుకు మీది నుంచి తల్లి మీదికి మారితే తేలికైనట్టు కాదన్నది. ఇకపై నిజమే చెప్పాలని, ముందు ఊళ్లో ఒక పెద్దమనిషిని ఆ ఇంటికి పంపాలని, ఫోను చేసేటప్పుడు తాను పక్కన కూర్చుంటానని నియమం పెట్టింది. మనసు డాక్టరు దగ్గరికి ఠాణాలో అందరికంటే ముందు తానే వెళ్లింది. అధికారి వెళ్లిన చోటికి వెళ్లడానికి నరహరి సిగ్గుపడలేదు.

పోయిన గురువారం వాడు ఆలస్యంగా, మూడు గంటలకు భోజనానికి వచ్చాడు. పళ్లెం ముందు కూర్చొని, అన్నం కలపకుండా, తెలుగులో అన్నాడు:

"ఇయ్యాల ఫోన్ల ఉన్నదున్నట్టు చెప్పిన. తండ్రి పేరు ఆగయ్య. మావోని కాడ ఎవలన్న కూసున్నరా అని అడిగిండు."

"ఏమన్నవు?"

"లేరన్న. పోయి కూసుంట అన్న. గిప్పటిదాక శవం కాడ్నే ఉన్న. మేడం గూడ కూసున్నది."

ఇంకా ఏదో చెబుతాడని గరిటె పట్టుకొని నిలబడ్డాను. వాడు అన్నం కలుపుకున్నాడు. నీళ్లు మాత్రం హిందీలోనే అడిగాడు. ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాను.