పదిహేడు భయాలు

"ఎడారి మధ్యలో టైరు పేలితే ఎవర్ని పిలుస్తారే? అక్కడ కాకి కూడా వాలదట!" అంది తల్లి, భర్త చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కుతూ.

ప్రయాణానికి ఇంకా ఇరవై రోజులున్నాయి. అయినా ఆమె కళ్ళ ముందు టైరు పేలింది, కారు పల్టీ కొట్టింది, పేపర్లో ఫొటో కూడా పడిపోయింది.

"రెండు స్టెప్నీలు పెట్టుకుంటాం," అని కూతురు కాగితం మీద రాసుకుంది. "ఊఁ, తర్వాత?"

కూతురు ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పని చేస్తుంది. ఆరు రోజులు కారులో తిరిగి, ఎడారిలోని నాలుగు పాత నగరాలు, వాటి కోటలు, రాజమహళ్ళు చూడాలని, ఆ రాతి కిటికీల అల్లికలు దగ్గరుండి గీసుకోవాలని మూడేళ్ళుగా ఆశ. తోడు ఇద్దరు స్నేహితురాళ్ళు, ఒక నర్సు, ఒక టీచరు. ముగ్గురికీ డ్రైవింగు వచ్చు. కానీ తండ్రి ఊఁ అనకుండా ఆడపిల్ల గడప దాటే ఇల్లు కాదది. తల్లి భయపడితే ఆయన ఊఁ అనడు, అందుకే కూతురు ముందు ఆమె భయాలన్నీ తీర్చేయాలని కూర్చుంది.

నీళ్ళయిపోతే? డబ్బాలు రెండు అదనం. ఇసుకగాలి లేస్తే? పక్కకి ఆపి, అద్దాలెత్తుకుని కూర్చోవడం. చీకటి పడితే? పడకముందే గది చేరేలా ఒక కోటని వదిలేశారు. "అయ్యో, నా మూలాన కోట పోయిందా," అని తల్లి నొచ్చుకుంది. ఏడో తరగతితో బడి మానేసిన ఆమె, కూతురి పక్కన కూర్చుని మ్యాపు మీద వేలు నడిపిస్తూ, "ఈ రెండూళ్ళ మధ్య పెట్రోలు బంకు ఒక్కటీ లేదేమే?" అంది. ముగ్గురు చదువుకున్నవాళ్ళూ చూసుకోని సంగతి అది. నర్సు ఫోన్లోనే పకపకా నవ్వింది: "ఆంటీ, మిమ్మల్ని డిక్కీలో వేసుకునైనా తీసుకెళ్తాం!"

అలా పదిహేడు భయాలు తేలాయి. పదిహేడింటికీ జవాబులు పడ్డాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర తండ్రి ఆ కాగితమంతా చదివాడు. "భేషుగ్గా ఉంది తల్లీ. నాకేం అభ్యంతరం లేదు. కానీ మీ అమ్మ భయపడుతుంది. ఆరు రోజులూ పచ్చి మంచినీళ్ళు ముట్టదు. దాని సంగతి నీకు తెలీదూ?"

గరిటె పట్టుకున్న తల్లి చెయ్యి ఆగిపోయింది. ఈ మాట ఎన్నిసార్లు వింది! పిల్ల సైకిలు అడిగినప్పుడు, మీ అమ్మ భయపడుతుంది. హాస్టల్లో సీటొచ్చినప్పుడు, మీ అమ్మ నిన్ను వదిలి ఉండలేదు. నెల్లాళ్ళు తల్లితో మాట్లాడలేదు పిల్ల. అంతకుముందెప్పుడో, పక్కవీధి బడిలో ఆయా పనికి రమ్మని హెడ్‌మిస్ట్రెస్ ఇంటికొస్తే, "ఆవిడకి బయటంటే భయమండీ" అని భర్త గుమ్మంలోంచే పంపేశాడు. తలుపు వెనకాల తను చీర మార్చుకుని సిద్ధంగా నిలబడి ఉంది. ఆ రోజు వరకూ తనకి బయటంటే భయం లేదు. ఆ తర్వాతే పట్టుకుంది. "మా కోడలికి తన నీడంటేనే భయం" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ, కొత్త సోఫా చూపించినంత మురిపెంగా చెప్పుకునేది. వినీ వినీ అదే తన స్వభావం అనుకుంది. ఈ ఇంట్లో వంటా అంట్లతో పాటు, అందరి తరఫునా భయపడటం కూడా తన పనే అయింది.

కూతురు కాగితం మడిచేసింది. తల్లి వైపు చూసింది. హాస్టలప్పటి చూపే.

"ఏవండీ," అంది తల్లి. గరిటె గిన్నెలో పెట్టింది. "నాకు భయమే. కాదనను. కానీ నా భయాలన్నిటికీ పిల్ల దారి చూపించింది. ఇప్పుడు నాకు భయం లేదంటే, పంపిస్తారా?"

ఆయన నవ్వాడు. "నువ్వా? భయం లేదంటావా?"

"అంటున్నాను. పంపిస్తారా?"

నవ్వు ఆగింది. ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలిపిన ముద్ద మళ్ళీ కలిపాడు. గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. కూతురు చూపు తల్లి మీంచి మెల్లగా తండ్రి వైపు తిరిగింది.

"పంపను," అన్నాడు చివరికి, కంచంలోంచి తలెత్తకుండా.