వాగు పక్కన పొదలు

మైలవరం అవతల కొండవాలులో అడవి కొట్టి మామిడితోట వేసినప్పుడు బాలశౌరికి ఎవరి మాటా చెవికెక్కలేదు. భార్య అమలమ్మ అడిగింది ఒక్కటే.

"వాగు పక్క పొదలన్నా వదిలెయ్యండి. ఆ తోకపిట్ట ఉండేది అందులోనే."

నల్లటి తల, ఇటుకరంగు పొట్ట, పొడుగాటి తోక. గుణదల నుంచి కాపురానికొచ్చిన కొత్తలో, చుట్టుపక్కల మరో ఇల్లు లేక బెంగపడిన అమలమ్మకు తెల్లవారుజామున దాని పాటే తోడు.

"మామిడీ చెట్టేగదే! ఎదిగితే పిట్టలు అవే వస్తాయి," అన్నాడు బాలశౌరి. పొదలు నరికించి, ఒడ్డు దాకా రసాల అంట్లు నాటించాడు.

అంట్లు ఎదిగి కాపుకొచ్చాయి. తోటలో కలుపన్నది లేకుండా నేల అద్దంలా ఉండేది. పిట్టలు రాకపోలేదు. కాకులు, గోరింకలు, చిలకలు గుంపులుగా వాలేవి. వడ్రంగిపిట్ట టకటకలు, అడవికోళ్ల కూతలు మాత్రం పోయాయి. తోకపిట్ట పాట మళ్లీ వినపడలేదు. అమలమ్మ దెప్పలేదు. ఆ ఊసెత్తడమే మానేసింది.

పంతొమ్మిది వందల డెబ్బై ఆరులో ఆమెకు బెజవాడలో కడుపు ఆపరేషనైంది. తర్వాత ఆసుపత్రి మంచం మీద తిండి ముట్టక, గోడవైపు తిరిగి పడుకునేది. తోట చూసుకుని వచ్చిన బాలశౌరికి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

"నిన్న పొద్దున నీ తోకపిట్ట పాడిందే," అనేశాడు.

ఆమె ఇటు తిరిగింది. "నిజంగానా? ఎక్కడ?"

"వాగు దగ్గర."

ఆ పూట గిన్నెడు జావ తాగింది.

ఇంటికొచ్చిన మర్నాడే తెల్లారగట్ల లేచి, చెట్టూ చెట్టూ పట్టుకుంటూ వాగు దాకా నడిచింది. బాలశౌరి వెతుక్కుంటూ వెళ్లేసరికి ఎండెక్కింది. కాకులు అరుస్తున్నాయి.

"ఆలస్యమైనట్టుందండీ. రేపు ఇంకాస్త ముందే రావాలి," అంది.

నిజం నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాడు.

ఆ వేసవిలో కోత అవగానే వాగు వెంబడి మామిడి వరస కొట్టించేశాడు.

"కాసే చెట్లు నరికిస్తున్నావు, మతిగాని పోయిందా శౌరీ?" అన్నాడు పక్కతోట జక్కయ్య.

వానలకు తీగలు, ముళ్లపొదలు లేచాయి. పిగిలిపిట్టలు గూడు కట్టాయి. తోకపిట్ట రాలేదు. రావడానికి అడవేది? అప్పటికి కొండ అంచుదాకా తోటలే.

అమలమ్మ మాత్రం రోజూ వెళ్లేది. బాలశౌరీ వెళ్లి పక్కన కూర్చునేవాడు. పొదలో ఆకు కదిలినా ఆమెకన్నా ముందు అతనే తలెత్తేవాడు.