ఎనిమిదక్షరాలు

మార్చి పదకొండు. ఆ ఉదయం ఆయన తిన్నది రెండు అరటిపండ్లు, అంచు మాడిన ఒక రొట్టెముక్క. ఆఫీసుకొచ్చి, చెల్లెలు కుట్టిచ్చిన పచ్చ దిండును కుర్చీలో సర్దుకుని, ఫైలు తెరిచాడు. తాను రాసిన ఫంక్షన్లన్నీ మళ్లీ బాణాలై ఉన్నాయి.

కంప్యూటరుకు పనులు చెప్పే జావాస్క్రిప్టు భాషలో ఫంక్షన్‌ను, అంటే ఒక్కో పని చేసే ముక్కను, ‘ఫంక్షన్’ అన్న మాటతోనే మొదలుపెట్టి రాయవచ్చు. ఆ మాట లేకుండా, సమానం గుర్తు పక్కన కోణం పెట్టి బాణంలాగా కూడా రాయవచ్చు. ఆయనది మొదటి పద్ధతి, ఎదుటి బల్ల అమ్మాయిది రెండోది. నాలుగేళ్లుగా ఒకరు రాసింది ఇంకొకరు తిరగరాస్తున్నారు. ఆఫీసంతా ఆమెను బాణం అనేవారు. ‘ఫంక్షన్’ అనే ఇంగ్లీషు మాటలోని అక్షరాలు లెక్కపెట్టి ఆయనకు ఎనిమిదక్షరాలని పేరు పెట్టింది ఆమే.

“ఏం సార్, ఎనిమిదీ కొట్టడమయిందా? టీ చల్లారిపోతోంది.”

“నీ బాణాలు ఏరిపారెయ్యడానికే పొద్దు సరిపోవట్లేదమ్మా.”

నెలాఖరు తర్వాత ఇద్దరిలో ఒకరే ఉంటారని మేనేజరు చెప్పినప్పటి నుంచి ఆ ఎకసెక్కాలకు విషమెక్కింది. ఆయన కీబోర్డు చప్పుడు వినపడకుండా ఆమె చెవుల్లో దూది పెట్టుకునేది. ఆయన ఫ్యాను ఆమె వైపు తిరగనిచ్చేవాడు కాదు.

మధ్యాహ్నం ఆసుపత్రివాళ్లు వస్తున్నారు. కూర్చున్న రోగులకు తర్వాతి నంబరు చూపించే తెర పనిచేస్తోందో లేదో చూడాలి. ఆలోపే ఆయన పళ్లు బిగించి ఒక్క బాణం మిగలకుండా మార్చేశాడు. చదవలేదు. కొట్టేస్తూ, ఎనిమిదక్షరాలు పెట్టుకుంటూ పోయాడు.

తెర వెలిగింది. నంబరు కదల్లేదు. మేనేజరు మీట మళ్లీ నొక్కాడు. వచ్చినవాళ్లలో ఒకాయన దగ్గాడు.

తప్పు ఆయనకు అప్పుడే తెలిసిపోయింది. బాణంతో రాస్తే ఆ ఫంక్షన్ తాను పుట్టిన తెరను మరిచిపోదు. ఆయన పద్ధతిలో రాస్తే, ఎవరు పిలిస్తే వాళ్లదే అయిపోతుంది. మీట నొక్కాక నంబరు మార్చే టైమరు పిలవగానే అది తెరను వదిలేసి నంబరు కోసం ఇంకెక్కడో వెతుకుతోంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే ఆయన చెప్పే పాఠం ఇది.

“ఎవరు ముట్టుకున్నారు దీన్ని?” మేనేజరు గొంతు సన్నగా కోసుకుంటూ వచ్చింది.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. చెవుల్లో దూది తీసింది.

“ఇద్దరం, సార్. ఐదు నిమిషాలివ్వండి.”

ఒకే ఒక్క బాణం తిరిగి పెట్టింది. నంబరు కదిలింది.

వచ్చినవాళ్లు వెళ్లాక ఆయన మేనేజరు గదిలోకి వెళ్లి, మార్చింది తానేనని, అమ్మాయిని ఉంచమని చెప్పాడు. బయటికొచ్చి సంచీ తగిలించుకున్నాడు.

“ఎందుకు చెప్పారు? నేను కప్పేశాను కదా!”

“నువ్వు కప్పిన దుప్పటి పొట్టిదమ్మా. కాళ్లు బయటికొచ్చేశాయి.”

“మీకు పొగరు, సార్.”

“కొంచెం ఉందిలే,” అని మెట్లు దిగిపోయాడు.

అందరూ వెళ్లాక ఆమె ఫైలు తెరిచింది. ఆ ఒక్క బాణం తప్ప అన్నీ ఆయన ఎనిమిదక్షరాలతోనే మొదలవుతున్నాయి. వేలు కాసేపు మీట మీద ఆడింది. మార్చకుండానే మూసేసింది. దీపాలార్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగింది. లోపల ఆయన కుర్చీలో పచ్చ దిండు, ఆయన కూర్చున్న గుంట ఇంకా పూడకుండా.