కదలకూడని చెయ్యి

గంజి వారుస్తుంటే ఎడమ చేతికి ఆవిరి కొట్టిందని నాగమల్లేశ్వరికి తెలియలేదు. బొబ్బ చూశాకే తెలిసింది. ఎవరూ చూడకముందే పైట కప్పేసుకుంది.

ఏడు నెలల కిందట వెల్దుర్తి నుంచి వస్తుంటే, భర్త రామాంజి నడుపుతున్న బండి గుంతలో పడి, వెనక కూర్చున్న ఆమె ఎడమ దండచెయ్యి విరిగింది. ఎముకతో పాటు నరమూ దెబ్బతింది. మణికట్టు లేవదు, చేతి వెనక స్పర్శ లేదు. నెలలు గడిచినా ఎముక అతకలేదు. దాంతో నరసరావుపేట నుంచి రోజూ గుంటూరు ప్రయాణం. అక్కడ గాజు గొట్టంలాంటి దాంట్లో పడుకోబెట్టి గంటన్నర సేపు ఒత్తిడితో ఆక్సిజన్ ఇస్తారు. "నరం దెబ్బతింటే ఎముక అతకడం ఆలస్యం కావచ్చమ్మా. దీనివల్ల మేలు జరగొచ్చు, ఖాయమని మాత్రం చెప్పలేను. చెయ్యి కదలకూడదు," అన్నాడు డాక్టరు ఫణీంద్ర.

"నీ ఎముకలకి కూడా బద్ధకమేనే," అంది అత్త మాణిక్యమ్మ. నిజమేనేమో అనుకుంది నాగమల్లేశ్వరి. జాకెట్టు హుక్కులు పెట్టమని పొద్దున్నే కూతురు భవితని బతిమాలాలి. బడికి టైమైందని పిల్ల విసుక్కుంటే చచ్చేంత సిగ్గు. ఆ సిగ్గు కడుక్కోవాలన్నట్టు చెయ్యి కదలకుండా కట్టిన పట్టీ విప్పి అంట్లు తోమేది, బిందె ఎత్తేది. తింటున్న ముద్దకి పని చూపించాలి కదా. మొదటిరోజు ఆ గొట్టంలో ఏ పనీ లేకుండా పడుకున్నప్పుడు కూడా, అత్త ఎక్కడో నిలబడి చూస్తున్నట్టు ముడుచుకుపోయింది.

పన్నెండో రోజు గౌను తొడుగుతూ నర్సు జాహెదా బొబ్బ చూసింది.

"ఇదేందక్కా? పొయ్యి దగ్గరికి పోవద్దన్నాం గదా. ఇంట్లో వండేది నువ్వేనా?"

దొంగతనం బయటపడ్డట్టు నాగమల్లేశ్వరి తల దించుకుంది.

ఆ మధ్యాహ్నం డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి పెదవి విరిచాడు. "పెద్దగా మార్పు లేదు. చేతికి విశ్రాంతి ఇస్తున్నారా?"

ఎప్పటిలాగే రామాంజి ముందుగా అందుకున్నాడు. "ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టదు సార్. మహారాణిలా కూచుంటది. అన్నీ మా అమ్మే చేస్తది."

డాక్టరు ఆమె వైపు చూశాడు. ఇన్నాళ్ళూ ఆ మాటకి తల ఊపుతూనే వచ్చింది. ఇప్పుడూ ఊపబోయింది. నొప్పి కూడా చెప్పుకోలేని చెయ్యి ఇది. దాని మీద అబద్ధపు సాక్ష్యం చెబుతున్నది తనే. అంతవరకు పడ్డ సిగ్గులన్నిటికంటే ఈ సిగ్గు గట్టిగా కోసింది.

"నేనే చేస్తున్నా సార్," అంది, చెయ్యి బల్ల మీద పెట్టి. "వంట, అంట్లు, నీళ్ళు. అన్నీ."

చెవులు కాలిపోయాయి. డాక్టరు కాగితం మీద ఏదో కొట్టేసి మళ్ళీ రాశాడు.

వరండాలోకి రాగానే రామాంజి పళ్ళు కొరికాడు. "పరాయోళ్ళ ముందు పరువు తీశావు గదే!"

ఆమెకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఏడుస్తూనే చెప్పింది, "మిగిలిన రోజులు ఇక్కడే గుంటూర్లో మా శ్రీదేవక్క దగ్గరుంటా. రమ్మని మొదట్నుంచీ అంటానే ఉంది."

"నువ్వు ఇక్కడుంటే ఇంట్లో వండేదెవరే?" అన్నాడు రామాంజి.

అన్నాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. నాగమల్లేశ్వరి అక్కకి ఫోన్ కలిపింది.