కొలతకు నిలబడ్డ మనిషి

ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో మా ఆవిడను నేను ఊరు చూపించడానికి తీసుకెళ్ళింది ఒకే ఒక్కసారి. రెండు రోజులు. అదీ నా ఖర్చు కాదు. ఆ ఏడాది ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లకు టైల్స్ కంపెనీ ఇచ్చిన టిక్కెట్లు. వాడకపోతే వృథా అవుతాయని నా టైల్స్, రాళ్ళ షాపు మూసి బయల్దేరాం. తిరిగొచ్చాక ఎనిమిది నెలలకు ఆవిడ పోయింది.

రెండేళ్ళ తర్వాత మా అమ్మాయి కొత్త ఇంట్లోకి మారి ఫోన్ చేసింది.

"హాల్లో ఒక గోడ ఖాళీగా ఉంది నాన్నా. ఆ టూర్లో నువ్వు తీసిన ఫోటో ఉందిగా, అమ్మ నవ్వుతూ ఉంటుంది, దాన్ని పెద్ద బొమ్మ వేయించి ఇవ్వు. ఇప్పుడు కంప్యూటర్ మీద వేస్తున్నారు. అచ్చం చేత్తో వేసినట్టే ఉంటుంది."

"బొమ్మ సరే, ఫ్రిజ్ కొనిపెట్టనా?"

"ఫ్రిజ్ నేను కొనుక్కోగలను. అమ్మను కొనుక్కోలేను కదా."

నాతో బేరంలో ఎవరైనా ఒక్క మాటతో గెలిచారంటే మా అమ్మాయే. ఆ పోలిక వాళ్ళమ్మది. చివరి నెలల్లో మా ఆవిడ ముఖం వాచిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉండేవి. ఆ ఫోటోలు అమ్మాయి తెరిచి కూడా చూడదు. టూర్లో తీసిన ఆ ఒక్కదాన్నే పట్టుకుని, 'పోయేముందు మా అమ్మ రెండు రోజులు సుఖపడింది' అని అందరికీ చెప్పుకునేది. నేనూ అదే చెప్పుకునేవాణ్ణి. నా జీవితంలో లాభం వైపు రాసుకోదగ్గ పనులు తక్కువ. అది వాటిలో ఒకటి.

ఆర్టిస్టు మా షాపు వీధిలోనే, జిరాక్స్ షాపు పైన ఒక గదిలో ఉంటుంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న షాపుల బోర్డులు రాసేవాడట. గదిలో రంగు వాసన లేదు, కుంచె లేదు. పలక లాంటి ఒక తెర, దాని మీద గీయడానికి ఒక ప్లాస్టిక్ పెన్ను, అంతే. రేటు చెప్పింది. నా నోరు ఊరుకోలేదు.

"రంగు కొనక్కర్లేదు, గుడ్డ కొనక్కర్లేదు. గాల్లో గీసేదానికి ఇంత రేటేంటమ్మా?"

"మీరు అమ్మే రాళ్ళు కొండలో ఊరికే పడున్నవే కదా అంకుల్. మరి మీరెందుకు రేటు పెడతారు?"

నవ్వొచ్చింది. పైసా తగ్గించమని అడగలేదు.

"ఈ ఒక్కటే కాదు, అక్కడ తీసినవన్నీ పంపండి. ముఖం ఒక వెలుగులోనే కనిపిస్తే బొమ్మ రాదు. చేతులూ నిలబడ్డ తీరూ మిగతావాటిలో వెతుక్కుంటాను" అంది. ఇరవై మూడు ఫోటోలున్నాయి. అక్కడే కూర్చుని అన్నీ పంపేశాను. పంపేముందు ఒక్కటి కూడా తెరిచి చూడలేదు. సరుకు చూడకుండా లారీ ఎక్కించే అలవాటు నాకు లేదు. ఆ రోజు ఎక్కించాను.

నాలుగో రోజు రమ్మని కబురు చేసింది.

తెర మీద బొమ్మ చూసి ముందు నేలను మెచ్చుకున్నాను. అది నా బుద్ధి. అది టూర్లో చూసిన పాత భవనం, పెద్ద హాలు. నేలంతా నలుపూ తెలుపూ రాళ్ళు, మధ్యలో ఎర్రరాయి పొదిగిన చక్రం. అతుకు ఎక్కడుందో కనిపించదు. అలాంటి పనితనం ఇప్పుడు లేదు. దాన్ని ఆర్టిస్టు కిటికీ వెలుగుతో సహా దింపింది. ఆ వెలుగులో మా ఆవిడ చేతిసంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"నేల అద్భుతం. కానీ ముఖం తేడాగా ఉందమ్మా. ఫోటోలో నవ్వుతోంది కదా."

ఆర్టిస్టు పెన్ను కింద పెట్టింది. "అది చెప్పడానికే పిలిచాను అంకుల్. చిన్న తెర మీద నవ్వులాగే ఉంటుంది. పెద్దది చేసి చూడండి" అని ఫోటోను ముఖం దగ్గర పెంచింది. "కళ్ళ కింద చూడండి. నవ్వితే బుగ్గ పైకి లేస్తుంది. ఇక్కడ లేవలేదు. పెదాలు సాగాయి, అంతే. పళ్ళు బిగబట్టారు. నేను ఎలా ఉందో అలాగే వేశాను. వేశాక నాకే భయమేసింది."

"ఎండ పడి ఉంటుంది."

"హాల్లో ఎండేది అంకుల్?" అని కిందికి జరిపింది. "కాలు చూడండి."

కుడికాలు చెప్పులోంచి బయటికి తీసి, పాదం వేళ్ళ మీద మాత్రం ఆనించి ఉంది. మడమ దగ్గర వాపు. చెప్పు పట్టీ ఒరుసుకున్న గుర్తు ఎర్రగా కనిపిస్తోంది.

తర్వాత ఇరవై మూడూ వరసగా పెట్టింది. ఒక్కోదాని మీద టైము ఉంది. మొదటిది పది గంటల పది నిమిషాలు. అందులో రెండు కాళ్ళూ చెప్పుల్లోనే ఉన్నాయి. తొమ్మిదోదానికి కుడికాలు బయటికొచ్చింది. పదహారోదానిలో చెయ్యి స్తంభానికి ఆనింది. ఆఖరిది పది యాభై రెండు. చాలావాటిలో నడుము పైన మనిషే లేదు. ముఖం పడింది ఒక్కదానిలోనే, నేను చక్రం మొత్తం పట్టాలని వెనక్కి జరిగినప్పుడు.

"ఇన్నిటిలో తల ఎందుకు కోసేశారు అంకుల్?" అని అడిగింది ఆర్టిస్టు, మామూలుగానే.

చెప్పక తప్పలేదు. మా వ్యాపారంలో ఒక పద్ధతుంది. నేల ఫోటో తీస్తే పక్కన ఒక మనిషిని నిలబెడతాం. లేకపోతే రెండడుగుల రాయీ అరడుగు రాయీ ఫోటోలో ఒకటే. మనిషి ఉంటే సైజు తెలుస్తుంది. ఆ డిజైన్ మా సప్లయర్‌కు పంపి చేయించాలనుకున్నాను. "అక్కడ నిలబడు. ఇప్పుడు ఇటు. కొంచెం అంచుకి" అంటూ తిప్పాను. ఆవిడ తిరిగింది. నేను తీసింది మా ఆవిడను కాదు, నేలను.

 

ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న నాకు గుర్తుంది. "కాళ్ళ వాపు ఎప్పట్నుంచి?" నేను "ఈ మధ్యనేనండీ, నెలా నెలన్నర" అన్నాను. ఆవిడ మంచం మీద పడుకుని నా వంక చూసింది, సరిదిద్దలేదు. "ఇంకాస్త ముందు రావాల్సింది, గుండె బాగా అలిసిపోయింది" అన్నాడు డాక్టరు. నెలన్నర కాదు. అప్పటికి ఐదారు నెలల ముందే వాపుంది. నా ఫోన్లోనే ఉంది, టైముతో సహా.

"ఒక మాట అంకుల్" అంది ఆర్టిస్టు. "ఇందులో అంతా పొరలు పొరలుగా ఉంటుంది. అసలుది అలాగే ఉంచి, పైన ఇంకో పొర వేశాను. చూడండి." పెన్నుతో ఒక చోట తాకింది. పెదవుల కొసలు లేచాయి, బుగ్గలు నిండాయి, పాదం చెప్పులోకి వెళ్ళింది. ఇంకోసారి తాకింది. మళ్ళీ పళ్ళు బిగబట్టిన మనిషి. "మీ అమ్మాయికి ఏది కావాలో మీరే చెప్పండి. ఏదైనా ప్రింటు తీసిస్తాను."

"మార్చిందే తియ్యి" అన్నాను వెంటనే.

లేచి మెట్లు దిగాను. దిగుతుంటే ఆలోచన మొదలైంది. అంచు విరిగిన రాయికి లప్పం పూసి, రంగు కలిపి అమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. కొన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు దాని మీద నీళ్ళు పోస్తాడు, లప్పం ఊడి విరుగు బయటపడుతుంది. అయినా ఆ నవ్వే ఆవిడ మా ఆవిడ కాదు. మా ఆవిడ నవ్వితే అరచేత్తో నోరు మూసుకునేది. కూతురి దగ్గర కూడా కల్తీ సరుకేనా అనిపించింది. మళ్ళీ పైకెక్కి, "పై పొర తీసెయ్యమ్మా. ఉన్నదున్నట్టు ఇవ్వు" అన్నాను. ఎన్నాళ్ళకో ఒక నిజాయితీ పని చేశానని ఛాతీ కాస్త తేలికైంది కూడా.

ఆదివారం పొద్దున్నే బొమ్మ పట్టుకుని అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అల్లుడు గోడకు రంధ్రం వేయడానికి డ్రిల్లు పట్టుకుని తయారుగా ఉన్నాడు. అమ్మాయి కాగితం విప్పి, చూసి, తలెత్తింది.

"అమ్మ ఇలా లేదు నాన్నా. ఎవరితో వేయించావు?"

తన ఫోన్లో ఫోటో తీసి బొమ్మ పక్కన పెట్టింది. రెండు వేళ్ళతో పెంచింది. ఇంకా పెంచింది. తర్వాత కుర్చీలో కూర్చుంది.

చెప్పేశాను. నేల సంగతి, సప్లయర్ సంగతి, చెప్పు, స్తంభం, డాక్టరుకు చెప్పిన లెక్క, ఆర్టిస్టు వేసిన పై పొర, అన్నీ.

"ఎంతసేపు నిలబెట్టావు?"

"నలభై రెండు నిమిషాలు."

"మధ్యలో కూర్చోమనలేదా?"

"కూర్చుంటే సైజు తెలియదమ్మా."

నోట్లోంచి వచ్చేశాక గానీ ఆ మాట ఎలా ఉందో నాకు వినపడలేదు. అల్లుడు డ్రిల్లు కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

"టూర్ నుంచి వచ్చిన రోజు అమ్మ నాకు ఫోన్ చేసింది, తెలుసా?" అంది అమ్మాయి. "'మీ నాన్న నన్ను ఇరవై మూడు ఫోటోలు తీశారే, పెళ్ళిలో కూడా అన్ని తియ్యలేదు' అంది. ఎంత మురిసిపోయిందో! నేను ఏడిపించాను కూడా, 'ముసలివాళ్ళకి సరసాలు ఎక్కువయ్యాయి' అని."

ఆవిడ తెలియక అలా అందా, తెలిసే నా పరువు కాపాడిందా? అడుగుదామంటే ఆ మనిషే లేదు.

"నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు కదా?"

"తెలిసేది కాదు."

"నవ్వే బొమ్మ కూడా వేసి చూపించిందన్నావు ఆ ఆర్టిస్టు."

"చూపించింది."

"మరెందుకు చెప్పావు నాన్నా?"

దారి పొడుగునా దీనికి జవాబు నా దగ్గరుందనుకున్నాను. నిజం చెప్పడం మంచిది, కూతుర్ని మోసం చేయకూడదు, ఇలాంటివి.  నా ఛాతీ మీద బరువు నేను దించుకున్నాను. ఎక్కడ దించానో ఎదురుగా అమ్మాయి ముఖంలో కనిపిస్తోంది. ఆ రెండు రోజులు దాని దగ్గర భద్రంగా ఉండేవి. మళ్ళీ నేనే తీసేసుకున్నాను.

"బొమ్మ తీసుకెళ్ళిపోనా?" అన్నాను. "వేరేది ప్రింటు తీయించుకొస్తాను. గంట పని."

"వద్దు." బొమ్మను రెండు చేతులా దగ్గరికి లాక్కుంది. బొటనవేలు ఆ మడమ మీద ఉంది. "ఇప్పుడు ఆ నవ్వు ఎవరిక్కావాలి? ఇది ఇక్కడే ఉంటుంది. నువ్వు బయల్దేరు నాన్నా."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెనక ఏడుపు వినిపించింది. తిరిగి లోపలికి వెళ్ళే హక్కు నాకుందో లేదో తేల్చుకోలేక, అక్కడే కాసేపు నిలబడ్డాను.